ఊరి పెన్‌డ్రైవ్‌లన్నీ ఎండబెట్టిన ఆదివారం

ఇప్పుడు మీకు కంప్యూటర్ పాడైతే అంత బాధ ఉండదు. ఫొటోలూ పాటలూ ఎక్కడో దాచుకుంటున్నారు, కొత్త ఫోన్ కొనగానే అన్నీ మళ్ళీ దిగిపోతున్నాయి. నేను పనిచేసిన రోజుల్లో ఎవరి సామాను వాళ్ళ పెట్టెలోనే ఉండేది. ఆ పెట్టెకి వైరస్ పట్టిందంటే ఇంట్లో పసిపిల్లకి జ్వరం వచ్చినంత హడావుడి. ఆటోలో ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఏలూరులో మా షాపుకి తెచ్చేవారు.

నేను మొదట్నుంచీ ఆ పనిలో లేను. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. టైపు మిషన్లు మూలన పడ్డాక, ఇంట్లో అందరూ వద్దంటున్నా నలభయ్యో ఏట హార్డ్‌వేర్ కోర్సు చదివి స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. షాపుకి వచ్చినవాళ్ళు నన్ను చూసి, "రిపేరు చేసేవారు లేరాండి?" అని అడిగేవారు. "ఉన్నారు, చెప్పండి" అనేదాన్ని. ఆ తర్వాత కూడా వాళ్ళు నా భుజం మీదుగా లోపలికి చూస్తూనే ఉండేవారు. మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత అదే నాకు మంచి కాలక్షేపం అయింది.

షాపు యజమాని గారిది తరాల నాటి కిరాణా వ్యాపారం. కాలం మారిందని ఆయన పప్పులూ బెల్లం తమ్ముడికి అప్పగించి కంప్యూటర్లలోకి దిగారు. మనిషి ఎంత మెత్తనంటే, కస్టమరు కేకలేస్తే ఈయన మంచినీళ్ళు తెప్పించేవారు. నాతోపాటు ఇంకో టెక్నీషియన్ ఉండేవాడు. అత్తిలి అతను. చెయ్యి చురుకు, మాట తీపి, కానీ ఏ రోగానికైనా అతని దగ్గర ఉన్న మందు ఒక్కటే. "ఫార్మాట్ కొట్టేద్దామండి" అనేవాడు. అంటే పెట్టెలో ఉన్నదంతా తుడిచేసి మళ్ళీ మొదటి నుంచీ ఎక్కించడం. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా అని నేను రోజూ అతనితో పోట్లాడేదాన్ని. "తగలబెడితే ఎలుకలు పోతాయి కదండీ మేడమ్" అని నవ్వేవాడు.

వైరస్ అని జనం అన్నిటినీ ఒకే మాట అనేవారు గానీ, వాటిలో జాతులు వేరు. ఒకసారి ఒక కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ వాటంతట అవే ఆరిపోయి మళ్ళీ వెలుగుతున్నాయి. కరెంటు తేడా అనుకుని వాళ్ళు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వైర్లన్నీ మార్పించారు. అది వార్మ్ అనే రకం. దాన్ని ఎవరూ తెరవక్కర్లేదు, నొక్కక్కర్లేదు, కేబుల్ ఉంటే చాలు, ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకిపోతుంది. ఒకటి శుభ్రం చేసి రెండోదాని దగ్గరికి వెళ్ళేలోపు మొదటిదానికి మళ్ళీ పట్టేది. ముందు అన్ని కేబుళ్ళూ పీకి, ఒక్కొక్కదాన్ని విడిగా శుభ్రం చేసి, అది దూరిన కన్నాన్ని కంపెనీ వాళ్ళిచ్చిన ప్యాచ్‌తో పూడ్చి, అప్పుడు మళ్ళీ కేబుళ్ళు పెట్టాను.

కొల్లేరు వైపు చేపల వ్యాపారి ఒకాయన తెర మీద చేపలు ఈదే బొమ్మ ఉచితంగా వస్తుందని దింపుకున్నాడు. చేపలు బాగానే ఈదాయి. వాటి వెనకాల ట్రోజన్ అనే రకం ఒకటి లోపలికొచ్చి, బయటివాళ్ళకి తలుపు తీసి కూర్చుంది. "పగలంతా చేపల్లోనే ఉంటారు కదండీ, మళ్ళీ తెర మీద కూడా ఎందుకండీ?" అని అడిగితే, "ఇవి చావవు కదమ్మా" అన్నాడు పాపం. చింతలపూడి దగ్గర పామాయిల్ తోట ఉన్న ఒక పెద్దాయనకి తెర మీద ఎర్ర అక్షరాలతో హెచ్చరిక వచ్చింది, మీ కంప్యూటర్ నిండా వైరస్‌లున్నాయి, ఇది నొక్కితే తీసేస్తాం అని. నొక్కారు. నొక్కిందే వైరస్. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది. గూడెంలో నెట్ సెంటర్ ఒకదాంట్లో ఇంకో రకం దొరికింది, స్పైవేర్. టైపు చేసిన ప్రతి అక్షరాన్నీ చాటుగా రాసుకుని ఎవరికో పంపేది. టైపు నేర్పి బతికినదాన్ని కదా, దాని మీద నాకు ప్రత్యేకంగా కోపం వచ్చింది.

వీటిని తీసే పద్ధతి కాస్త అటూ ఇటూగా ఒకటే. నెట్ పీకెయ్యాలి. కంప్యూటర్‌ని సేఫ్ మోడ్‌లో, అంటే అవసరమైన ముక్కలతో మాత్రమే, లేపాలి. లేవగానే తమంతట తాము మొదలయ్యేవి ఏమిటో చూసి, ఇంటివాళ్ళెవరో చొరబడినవాళ్ళెవరో తేల్చుకోవాలి. యాంటీవైరస్‌ని తాజా చేసి మొత్తం వెతికించాలి. తీసేశాక మళ్ళీ ఒకసారి వెతికించాలి. పాస్‌వర్డ్‌లు మాత్రం ఆ కంప్యూటర్ మీద కాదు, శుభ్రంగా ఉన్న ఇంకోదాని మీద మార్చుకోవాలి. ఇది ఓపిక పని. అత్తిలి అతనికి లేనిది అదే.

అసలు కథ పెన్‌డ్రైవ్‌ల కాలంలో జరిగింది. కొల్లేరు అంచున ఒక ఊరు. అక్కడ మిషనరీల నాటి చర్చి ఉంది. ఆ చర్చికి వందేళ్ళ పండగ దగ్గర పడుతోంది. పాటల బృందాన్ని నడిపేది ఆ ఊరి స్కూల్లో లెక్కల టీచరు. ఒక ఉదయం ఆవిడ, బృందంలోని పాటగాడు ఒకతన్ని వెంటబెట్టుకుని, రిపేరుకిచ్చిన చర్చి కంప్యూటర్ని తీసుకెళ్ళడానికి మా షాపుకి వచ్చింది. నేను ఇంకో చోట పని చూసుకుని అప్పుడే గుమ్మం ఎక్కుతున్నాను. అత్తిలి అతను మురిసిపోతూ తెర చూపిస్తున్నాడు.

"కొత్తదానిలా చేసేశానండి. ఎంత ఖాళీ ఉందో చూడండి."

"ఖాళీ సరేనండి. పాటలేవండి?" అంది ఆవిడ.

"ఏ పాటలండి?"

ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. మా గోదావరి జిల్లాల వాళ్ళకి నెత్తిన పిడుగు పడినా వాక్యం చివర అండి పోదు. "మరేం ఫర్వాలేదులెండి" అంది. ఆ మాటే మమ్మల్ని ఎక్కువ కుదిపింది.

మంచినీళ్ళు తాగాక విషయం చెప్పింది. ఆవిడ నాన్నగారు రిటైరైన ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. చర్చిలో హార్మోనియం ఆయనదే. సొంతంగా బాణీలు కట్టి, చిన్నప్పటి నుంచీ ఆ ఊరి పిల్లలకి నేర్పింది ఆయనే. ఆయనకి స్వరాలు రాసిపెట్టే అలవాటు లేదు, అంతా చేతిలోనే. అందుకని బృందం వాళ్ళు గూడెం తీసుకెళ్ళి ఒక చిన్న స్టూడియోలో ఆయన వాయించినవన్నీ రికార్డు చేయించారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆయనకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మాట తిరిగి వచ్చింది, చెయ్యి రాలేదు. వందేళ్ళ పండగ రోజు ఆ రికార్డు పెట్టుకుని, దానికి అనుగుణంగా బృందం పాడాలి, ఆయన ముందు వరసలో కూర్చుని వినాలి. జబ్బు చేశాక ఆయన చర్చికి వచ్చేది ఆ రోజే.

"నాన్నగారికి ఎలా చెప్పాలో తెలియట్లేదండి. భీమవరం నుంచి కీబోర్డు వాళ్ళని పిలుద్దామంటున్నారు. వాళ్ళకి ఈ బాణీలు రావు కదండీ" అంది.

అత్తిలి అతని ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. పోయిన ఫైళ్ళని తవ్వి తీసే ప్రోగ్రామ్ పెట్టాం. కానీ అతను శుభ్రం చేసి ఊరుకోలేదు, కస్టమరు సంతోషిస్తారని నాలుగు సినిమాలు కూడా ఎక్కించాడు. పాటల చోట సినిమాలు కూర్చున్నాయి. తవ్వితే పేర్లు వచ్చాయి, నొక్కితే గరగర శబ్దం తప్ప ఏమీ లేదు. గూడెం స్టూడియోకి ఫోన్ చేస్తే, "పెళ్ళి వీడియోలకే చోటు చాలట్లేదండి, ఎప్పుడో తీసేశాం" అన్నారు.

"ఇంకెవరి దగ్గరా లేవా?" అని అడిగాను.

"అందరి దగ్గరా ఉండేవండి. ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు."

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. బృందంలో ఎవరికీ స్వరాలు చదవడం రాదు, విని నేర్చుకోవడమే. అందుకని సాధన అయ్యాక ఎవరికి ఏ పాట సరిగ్గా రాలేదో వాళ్ళు ఆ పాట పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని ఇంటికి పట్టుకెళ్ళేవారు. ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్ళు పక్కింట్లో వినేవారు. పక్కింటివాళ్ళు ఇంకొకరికి ఇచ్చేవారు. పెరుగు తోడు ఇంటింటికీ తిరిగినట్టు పెన్‌డ్రైవ్‌లు తిరిగేవి. పాటలతోపాటు వైరస్ కూడా తిరిగింది. చివరికి ఎవరు తెరిచి చూసినా పెన్‌డ్రైవ్ ఖాళీగా కనిపించడం మొదలుపెట్టింది. అందుకే చర్చి కంప్యూటర్ని మాకు పంపారు.

"ఖాళీగా ఉంటే కొత్తవి ఎక్కుతున్నాయాండి?" అన్నాను.

"అదే చిత్రమండి. నిండిపోయింది అంటోంది. తెరిస్తే ఏమీ లేదు."

ఆ మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రకం వైరస్ మీకు తెలియాలి. అది మీ ఫోల్డర్‌ని చంపదు, కనబడకుండా దాస్తుంది. అదే పేరుతో, అదే పసుపు బొమ్మతో తాను వచ్చి ఆ చోట కూర్చుంటుంది. మీరు ఫోల్డర్ అనుకుని దాన్ని నొక్కుతారు, అది కంప్యూటర్‌లోకి దూకుతుంది, అక్కడి నుంచి తర్వాత పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌లోకీ దూకుతుంది. యాంటీవైరస్ వేస్తే ఆ దొంగ ఫోల్డర్ పోతుంది, దాచిన అసలుది దాచినట్టే ఉండిపోతుంది. జనం తెరిచి, ఏమీ లేదని కంగారుపడతారు. ఆవిడతో వచ్చిన పాటగాడి జేబులో ఒక పెన్‌డ్రైవ్ ఉంటే అడిగి తీసుకున్నాను. దానంతట అది తెరుచుకోకుండా కట్టడి చేసి పెట్టాను. నల్ల తెర మీద, దాచిన గుర్తులన్నీ తీసెయ్ అనే ఆదేశం టైపు చేశాను. ఒక ఫోల్డర్ బయటికొచ్చింది. అందులో రెండు పాటలున్నాయి.

హార్మోనియం మోగగానే ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యజమాని గారు కౌంటర్ దగ్గర లేచి నిలబడ్డారు. అత్తిలి అతను నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. సంతోషంతో అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకూ తిరిగాయి.

ఇక మిగతా పాటలు ఊళ్ళో తలో చోటా ఉన్నాయి. కొందరు ఖాళీయే కదా అని తుడిచేసి సినిమా పాటలు ఎక్కించుకున్నారట. మిగిలినవి అలా పోకముందే పట్టుకోవాలి. పైగా ఒకటి శుభ్రం చేసి వదిలేస్తే సాయంత్రానికి పక్కింటి నుంచి మళ్ళీ పడుతుంది. ఊళ్ళో ఉన్న పెన్‌డ్రైవ్‌లూ కంప్యూటర్లూ అన్నీ ఒకే రోజు ఒకే చోటికి రావాలి. ఆ సంగతి చెప్పడానికి నేనూ టీచరు గారూ ఊరికి వెళ్ళాం. పాస్టర్ గారు వెంటనే సరేనన్నారు. సంఘ పెద్దకి మాత్రం నచ్చలేదు. ఆయనకి చేపల చెరువులున్నాయి, ఇంట్లో కొత్త కంప్యూటర్ ఉంది.

"మాది బాగానే ఉందండి. బాగున్నదాన్ని ఎందుకు కదపడం?" అన్నారు.

"ఒక చెరువులో తెగులొచ్చిందనుకోండి. ఆ వల తీసి ఇంకో చెరువులో దించుతారా?"

"ఎండబెట్టకుండా ఎలా దించుతామండీ? రెండోదీ పోద్ది."

"మీ ఊరి పెన్‌డ్రైవ్‌లు ఆ వలలేనండి. ఒకటి ఎండబెట్టి రెండోది తడిగా వదిలేస్తే లాభం లేదు."

ఆయన తలూపి, "ఆయ్, అలా చెప్పండి మరి" అన్నారు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక వేదిక మీద నుంచి ఆయనే ప్రకటించారు. వచ్చే వారం ఊళ్ళో వలలన్నీ చర్చి వరండాలో ఎండబెట్టాలి, ఎవరూ దాచుకోకూడదు అన్నారు. జనం బిత్తరపోతే పాస్టర్ గారు లేచి అర్థం విడమరిచి చెప్పారు.

ఆ తర్వాతి ఆదివారం నా ఉద్యోగంలో నేను చూసిన పెద్ద పండగ. వరండాలో బల్లలు వేశారు. నేను ఒక కంప్యూటర్ ముందు, అత్తిలి అతను ఇంకోదాని ముందు కూర్చున్నాం. ఫార్మాట్ అనే మాట ఆ ఆవరణలో ఎత్తనని అతని చేత దారిలోనే ప్రమాణం చేయించాను. జనం ఆరాధన బట్టల్లోనే వరస కట్టారు. సీపీయూలు ఆటోల్లో వచ్చాయి, సైకిళ్ళ మీద వచ్చాయి. లంక నుంచి ఒకాయన దోనెలో పెట్టుకుని, తడవకుండా ఎరువుల సంచి కప్పి తెచ్చాడు. ఒక ముసలావిడ టీవీ రిమోట్ తెచ్చి, "దీనిక్కూడా ఏమైనా పట్టిందేమో చూడమ్మా" అంది. అత్తిలి అతను లేచి వెళ్ళి బ్యాటరీలు కొనుక్కొచ్చి వేసి, "నయమైపోయిందండి మామ్మగారూ" అన్నాడు.

దాచినవన్నీ బయటికి తీస్తుంటే ఊరి గుట్టు కూడా బయటపడింది. సంఘ పెద్దగారి పెన్‌డ్రైవ్‌లో పాత సినిమాల్లోని ప్రేమ పాటలు వరసగా వచ్చాయి. వెనకాల నిలబడ్డ ఆయన భార్య వంగి చూసి, "ఇవెప్పుడు వింటారండీ?" అంది. "చెరువు గట్టు మీద కాపలా ఉన్నప్పుడే" అని ఆయన గొణిగారు. ఇంకొకరి దాంట్లో ఒక గేదె ఫొటోలు తప్ప ఏమీ లేవు, అదీ రకరకాల కోణాల్లో. నవ్వి నవ్వి అందరికీ డొక్కలు నొప్పెట్టాయి. మధ్యమధ్యలో మాస్టారి పాట ఒకటి దొరికేది. దొరికినప్పుడల్లా స్పీకర్ పెట్టేవాళ్ళం. వరసలో ఉన్న బృందం వాళ్ళు ఉన్నచోటే అందుకుని పాడేవారు. టీచరు గారు ప్రతిసారీ నా దగ్గరికి వచ్చి, "ఇదీ దొరికిందండి" అని నాకే చెప్పేది.

భోజనాల వేళకి వరస అయిపోయింది. పాటలన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. పక్షవాతం రావడానికి కొద్ది రోజుల ముందు కట్టిన బాణీ అది, వందేళ్ళ పండగ కోసమే కట్టారు. చివర పాడాల్సిన పాట. అందరికీ సులువుగా వచ్చేసింది కాబట్టి ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళలేదు. అందరికీ వచ్చిన పాటే ఎవరి దగ్గరా మిగల్లేదు.

"నోటికి వచ్చు కదండీ. హార్మోనియం లేకుండా పాడేద్దాం" అన్నారు ఎవరో.

టీచరు గారు తల అడ్డంగా ఊపింది. "నాన్నగారు ఆ ఒక్క పాట కోసమే వస్తానన్నారండి. ఇప్పుడిక దాచి లాభం లేదు, చెప్పేస్తాను. మీరు కూడా రండి మేడమ్, ఎలా పోయిందో మీరైతే విడమరిచి చెప్తారు" అంది.

ఇల్లు రెండు వీధుల అవతల ఉంది. మండే ఎండలో ఇద్దరం నడిచాం. ఏం చెప్పాలో ఆవిడ దారి పొడుగునా కూడబలుక్కుంటూనే ఉంది. వాకిలి దగ్గరకొచ్చేసరికి లోపల నుంచి హార్మోనియం వినిపించింది. ఆవిడ ఆగిపోయింది. మేము వెతుకుతున్న పాటే అది. ఒక హార్మోనియం చక్కగా మోగుతోంది. దాని వెనకాల ఇంకోటి తప్పటడుగులు వేస్తూ వస్తోంది.

తలుపు తోసి చూశాం. టీవీ కింద డీవీడీ ప్లేయర్, దానికి పెన్‌డ్రైవ్. నేల మీద చాప పరిచి ఉంది. మాస్టారు ఎడమ చేత్తో హార్మోనియం మెట్ల మీద వేళ్ళు కదుపుతున్నారు. ఆయన ఎదురుగా కూర్చుని ఆయన భార్య దానికి గాలి కొట్టే బెల్లోస్ ఊపుతోంది. మమ్మల్ని చూసి ఇద్దరూ దొంగతనం చేస్తూ దొరికినట్టు ఆగిపోయారు.

"అమ్మా, ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడిది?" అంది టీచరు గారు.

"ఖాళీది, పనికిరాదని నువ్వే కదే సొరుగులో పడేశావు. మీ నాన్నగారు ఓసారి దీనికి పెట్టి చూడమన్నారు. పెడితే పాడింది. ఏం, పనికొచ్చేదా?"

"పనికొచ్చేదా అంటున్నావా? అందులో ఆ పాట ఉన్న సంగతే మర్చిపోయాను. ఊరంతా దాని కోసమే వెతుకుతున్నాం."

"బావుంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మీ యవ్వారం" అంది తల్లి.

నాకు నవ్వాగలేదు. వైరస్ ఫోల్డర్‌కి తగిలించే దాపరికపు గుర్తు కంప్యూటర్‌కే అర్థమవుతుంది. ఆ డీవీడీ ప్లేయర్ దాన్ని పట్టించుకునే రకం కాదు, పాట కనబడితే పాడుతుంది. ఆ వైరస్ దాంట్లో బతకలేదు కూడా. మేం బల్లలు వేసుకుని తవ్వుకుంటున్నది వీళ్ళింట్లో రోజూ మోగుతూనే ఉంది. కూతురు స్కూలుకి వెళ్ళాక మొదలుపెట్టి, ఆవిడ వచ్చే వేళకి చాప చుట్టేస్తున్నారట.

"నాకు ఎందుకు చెప్పలేదు నాన్నగారూ?" అంది టీచరు గారు. ఈసారి ఏడ్చింది.

"వస్తుందో రాదో తెలియదు కదమ్మా. వచ్చాక చెబుదామని" అన్నారు ఆయన. తర్వాత నా వైపు తిరిగి, "మీరు కంప్యూటర్ వారా?" అన్నారు.

"అవునండి. ఆ పెన్‌డ్రైవ్ ఒకసారి ఇస్తే శుభ్రం చేసి, ఆ పాట తీసుకుని ఇచ్చేస్తానండి."

ఆయన ఎడమ చెయ్యి చాచి డీవీడీ ప్లేయర్‌కి అడ్డం పెట్టారు. "కోపగించుకోకండమ్మా. మీవాళ్ళు చెయ్యి పెడితే ఉన్నవి పోతాయంటారు."

పాటకి నకలు తీసేదాకా పక్కనే కూర్చుని చూస్తానంటే ఒప్పుకున్నాను. ఆయన్ని ఆటోలో చర్చి వరండాకి తీసుకొచ్చాం. నేను ఆదేశం టైపు చేస్తున్నంతసేపూ ఆయన నా వేళ్ళ వంకే చూశారు. "వేళ్ళు బాగా నడుస్తున్నాయండి" అన్నారు చివర్లో. టైపు నేర్పిన రోజుల్లో కూడా నన్ను ఎవరూ అంత బాగా మెచ్చుకోలేదు.

వందేళ్ళ పండగకి మా షాపు మొత్తం వెళ్ళింది. యజమాని గారు కొట్టు మూసి మరీ వచ్చారు. కంప్యూటర్ దగ్గర నేను కూర్చోవాలి, ఒక్కో పాటకీ రికార్డు పెట్టాలి, జరిగేదంతా మైకులోంచి రికార్డు కూడా చెయ్యాలి. పాటలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళాయి. చివరి పాట వచ్చేసరికి నేను మౌస్ మీద వేలు పెట్టాను. ముందు వరసలో మాస్టారు ఎడమ చెయ్యి ఎత్తి నన్ను ఆగమన్నారు. ఆయన భార్య లేచి, బల్ల మీద ఉన్న హార్మోనియం మీది గుడ్డ తీసింది. అప్పటిదాకా అది అలంకారానికి పెట్టారని అనుకున్న జనమంతా మెడలు చాచి చూశారు.

ఆవిడ బెల్లోస్ ఊపింది, ఆయన వాయించారు, బృందం పాడింది. రెండో చరణం మధ్యలో ఆయన వేలు జారింది. పాట ఆగిపోయింది. టీచరు గారు నా వైపు చూసింది. నా వేలు మౌస్ మీదే ఉంది, నొక్కితే ఆయన కుడి చేత్తో వాయించిన పాట ఏ తప్పూ లేకుండా అందుకుంటుంది. అత్తిలి అతను పక్కనుంచి నా చెయ్యి పట్టుకుని మెల్లిగా మౌస్ మీద నుంచి తీసేశాడు. ఏదీ తుడిచెయ్యకుండా అతను ఓపిక పట్టడం నేను అప్పుడే చూశాను. మాస్టారు భార్యకేసి చూశారు. ఆవిడ బెల్లోస్ ఆపి, మళ్ళీ ఊపింది. ఆయన ఆ చరణం మొదటి నుంచి ఎత్తుకున్నారు. ఈసారి బృందమే కాదు, చర్చి చర్చంతా పాడింది. పాడటం రాని నేను కూడా పాడాను.

ప్రేమవిందు దగ్గర నాకు ఆకు వేసి మాస్టారి ఎదురుగానే కూర్చోబెట్టారు. ఆయన మొహం వెలిగిపోతోంది. టీచరు గారు వడ్డిస్తూ నా దగ్గర వంగి, "రికార్డు అందరికీ ఇవ్వాలి కదండీ. మధ్యలో ఆగిన చోటు కత్తిరించి అతికించగలరా మేడమ్?" అని అడిగింది.

నేను చెయ్యగలను. అదేమంత పని కాదు. అవునని చెప్పబోతుంటే మాస్టారు విన్నారు.

"కత్తిరించకమ్మా" అన్నారు. "మీ అమ్మ నన్ను మళ్ళీ లేపింది అక్కడే."